పక్కింటి వైపు గోడ

ఇంటి ఎలివేషన్ విషయంలో నేను మా ఆయన్ని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

కొత్తపేటలో మా స్థలం సన్నగా, లోతుగా ఉంటుంది. కింద పార్కింగ్ వదిలి పైన మూడు అంతస్తులు లేపేసరికి ఇల్లు నిలబెట్టిన అగ్గిపెట్టెలా తయారైంది. దాన్ని అందంగా చేయడమెలాగో ఫోన్లో బొమ్మలు చూసి చూసి, చివరికి షిప్‌లాప్ దగ్గర ఆగాను. పొడుగాటి పలకలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి, మధ్యలో సన్నటి గాడి మిగులుతుంది. అసలు చెక్క మన ఎండకూ వానకూ ఆగదు కాబట్టి చెక్కలా కనిపించే సిమెంటు పలకలు తీసుకున్నాం. వాటి కోసం ఎల్బీనగర్‌లో ఎక్కని దుకాణం లేదు.

"అడ్డంగా వేయిస్తే ఇల్లు కాస్త వెడల్పుగా కనిపిస్తుందే," అన్నాడు మా ఆయన.

"లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం ఎందుకండీ? నిలువుగానే వేయించండి," అన్నాను.

కింద బూడిద రంగు, పైన తేనె రంగు, బాల్కనీల అంచున నల్ల గీత, గాడుల్లోకి వెలుతురు పాకేలా కింద నుంచి దీపాలు. అన్నీ నేను చెప్పినట్టే జరిగాయి.

పూర్తయ్యాక నాకొచ్చిన పొగరు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వీధిలో వెళ్ళేవాళ్ళు బండి ఆపి ఫోటో తీసుకునేవారు. కుండీలకు నీళ్ళు పోసే నెపంతో సాయంత్రాలు గేటు దగ్గరే నిలబడేదాన్ని. నీళ్ళు ఎక్కువై మల్లె మొక్క కుళ్ళిపోయింది కూడా.

మా ఎడమవైపు ఇల్లు ఒక్క అంతస్తుది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఓ రోజు బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది.

"చెల్లె, బిడ్డ హల్దీ మా ఇంటి పైననే చేస్తున్నం. పిలగానోళ్ళు గూడ ఒస్తున్నరు. ఇల్లెక్కడ అని అడిగితే మీ పలకల ఇల్లు చెప్పిన, దాని పక్కదే అన్న. నువ్వు జర ముందుగాల రా."

నేను ఉబ్బిపోయాను. హల్దీ రోజు మంచి పసుపు రంగు చీర కట్టుకుని, చెప్పినట్టే ముందుగా వెళ్ళాను.

ఇన్నేళ్ళు పక్కనే ఉండి నేను వాళ్ళ మేడ ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కగానే ఎదురుగా మా ఇల్లు. ముందు వైపు కాదు, పక్క గోడ. పూత లేని ఇటుకలు, వరసల మధ్య నుంచి పొంగి అలాగే ఎండిపోయిన సిమెంటు, స్లాబు పోసినప్పుడు కారిన చారలు, బాత్రూముల పైపులు. నా పలకలు మూల దాకా వచ్చి అక్కడ ఠక్కున ఆగిపోయాయి. మేడ మీద నీడ ఉండేది ఆ గోడ పక్కనే కాబట్టి పిల్లను కూర్చోబెట్టే పీట అక్కడే వేశారు. వెనక గోడ కనిపించకుండా పసుపు చీరలు కట్టి, బంతిపూల దండలు వేలాడదీశారు. చీరలు మనిషెత్తుకు కాస్త పైదాకా వచ్చాయి. ఆ పైన మిగిలిందంతా అలాగే కనిపిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పెళ్ళికొడుకు మేనత్త తలెత్తి చూసింది. ఆ ఇల్లు నాదని ఆమెకు తెలియదు.

"గీ గోడ ఏంది వదినె, గిట్ల ఇడిసిపెట్టిన్రు? ముందట చూస్తే అంత మంచిగున్నది."

నేను పసుపు గిన్నె పట్టుకుని, అప్పటికే కలిసిన పసుపును మళ్ళీ కలుపుతూ నిలబడ్డాను. అక్క నా వైపు చూడకుండానే జవాబు చెప్పింది.

"మేమే పైకి కడ్తమని చెప్పినం వదినె. మా గోడ లేస్తే గీ గోడ మూసుకపోతది గద, గందుకే ఆళ్ళు పూత పెట్టలే. తప్పు మాదే."

మా వీధుల్లో అందరూ అనుకునేదే అది. పక్కవాళ్ళు ఎలాగూ కడతారు, కనపడని గోడకు పూత దండగ. మేమూ అదే అనుకున్నాం. కానీ అక్క వాళ్ళాయనకు గుండె ఆపరేషన్ అయ్యాక పైకి కట్టే మాట వదిలేశారని నాకు తెలుసు. దవాఖానకు పళ్ళు పట్టుకెళ్ళి చూసొచ్చినప్పుడు ఆవిడే చెప్పింది. విని అయ్యో అన్నాను. ఇంటికొచ్చి బాల్కనీ దీపాలు ఏ రంగువి పెట్టించాలా అని ఆలోచించాను.

కాబోయే వియ్యాలవారి ముందు ఇల్లు కళగా కనపడాలని ఆ తల్లి ఎంత తాపత్రయపడిందో, కట్టిన ఆ చీరలు చూస్తేనే తెలుస్తోంది. నా మూలంగా వాళ్ళ ముందే తప్పు తన మీద వేసుకుంది. అది మా గోడేనండీ అని ఒక్క మాట అనొచ్చు. నాకు నోరు రాలేదు. పిల్ల బుగ్గలకు పసుపు రాసి, భోజనం చేయకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మేస్త్రీకి ఫోన్ చేశాడు. పరంజా కర్రలు వాళ్ళ మేడ మీదే నిలబెట్టాలి, వాళ్ళనడగాలి అన్నాడు మేస్త్రీ. పెళ్ళి హడావుడిలో ఎలా అడుగుతాం? పెళ్ళయి, పిల్ల అత్తారింటికి వెళ్ళాక నేనే వెళ్ళాను. అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అక్కా, మీ వైపు గోడకి పూత పెట్టించి రంగు వేయిద్దామనుకుంటున్నాం. మీరు సరేనంటే మీ మేడ మీద కర్రలు పెట్టుకుంటాం. ఎప్పుడో చేయించాల్సింది. మాదే తప్పు," అన్నాను.

ఆవిడ మాటలో నిష్ఠూరమేమీ లేదు. చేట పక్కన పెట్టి, నాకు కూర్చోవడానికి పీట జరిపింది.

"పెట్టుకోండ్రి చెల్లె, దానికి అడుగుడేంది? కని తొందరేం లేదు. బిడ్డ పెండ్లి అయిపాయె. ఇగ ఆ గోడను చూసేది మేమే గద," అంది.