సూరిబాబు ఆపరేషన్‌కి మా తోట కొబ్బరి దింపు

మా స్నేహితుడు సూరిబాబు రెండేళ్లలో సగం మనిషయ్యాడు. ఒళ్లు తగ్గినా చర్మం వేలాడుతూ మిగిలింది, ఆ మడతల్లో పుండ్లు. ఆ చర్మం తీయించే ఆపరేషన్‌కి సాయమడగడానికి ఈ ఉదయం మా ఇంటికి వచ్చాడు.

నలభై ఏళ్ల కిందట నా పెళ్లిలో “గాలేస్తే పెళ్లికొడుకుని పట్టుకోండర్రా!” అని పందిరంతా నవ్వించింది వీడే. ఇన్ని పుస్తకాలు చదివినా ఆ ఒక్క మాట మరవలేకపోయాను.

“మా ఆవిడ ముందు ఆ మాట వెనక్కి తీసుకోరా. ఈసారి దింపులో దిగిన కొబ్బరికాయలన్నీ నీ ఆపరేషన్‌కే” అన్నాను.

వాడు చేతులు జోడించాడు. “తప్పయిపోయింది చెల్లెమ్మా!”

“అయ్యో, వద్దండి అన్నయ్యగారూ! ఆ రోజు తెర వెనకాల నేనూ నవ్వేనండి. కాయలు మాత్రం పట్టుకెళ్లండి” అంది మా ఆవిడ.

ముగ్గురం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

ఒక్క తోట దింపు వాడికి చాలదు. మిత్రులారా, మీ దింపు ఎప్పుడో కింద రాయండి. నాలాగా నలభై ఏళ్లు ఆలోచించకండి.