మా ఇంటి నాలుక

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి ఆమె కాళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి. బట్టల దొంతర మాత్రం తరగదు. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అమ్మే. మాట కొంచెం ముద్దగా వస్తుంది, బుగ్గన ఏదో దాచుకుని మాట్లాడినట్టు. నాలుక చాపితే కొస మధ్యలో నొక్కు పడి రెండు పాయలుగా కనిపిస్తుంది. వాళ్ళమ్మకీ అంతే, కూతురికీ అంతే. కూతురి చిన్నతనంలో ఇరుగుపొరుగుకి చూపించి మురిసిపోయేది: "చూడండి, మా ఇంటి ముద్ర!"

ఆ ఇంట్లో ఇంకో నమ్మకమూ ఉంది, తమ ఆడవాళ్ళకి పాలు నిలవవని. కూతురికి ఆమె పట్టుమని నెల కూడా పాలివ్వలేకపోయింది. పిల్ల చప్పరించి, అలిసి, ఏడ్చి నిద్రపోయేది. "ఒట్టిపోయిన గొడ్డు" అన్నారు అత్తగారు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు; మరిచిపోనూ లేదు.

ఇప్పుడు కూతురు బాలింత. మనవడు పొద్దస్తమానం రొమ్ము పట్టుకునే ఉంటాడు, ఒళ్ళు మాత్రం చేయడు. కూతురికి రొమ్ములు పుండ్లు పడ్డాయి.

"డబ్బా పాలు పట్టెయ్యవే. మన ఆడవాళ్ళకింతే" అంది ఇస్త్రీ అమ్మ, చొక్కా మడతపెడుతూ.

"నీకేం, ఏదైనా మడతపెట్టి పక్కన పడేస్తావు. పాలు కారి జాకెట్లు తడుస్తున్నాయమ్మా. లేనివి ఎలా కారతాయి?"

ఆమె మడత మధ్యలోనే చొక్కా వదిలేసింది. ఇస్త్రీపెట్టె ఆపి చెప్పులేసుకుంది.

పిల్లల డాక్టరమ్మ వేలితో బాబు నాలుక పైకెత్తి లైటు వేసింది. "ఇలా రండి పెద్దమ్మా. నాలుక కింద ఈ పొర చూశారా? ఇది అందరికీ ఉంటుంది. దీనికి అటూ ఇటూ నీలం నరాలు, అడుగున లాలాజలం వచ్చే చిన్న రంధ్రాలు. వీడికి పొర పొట్టిగా, కొస దాకా అతుక్కుని ఉంది. నాలుక పైకి లేవదు, ముందుకి రాదు. అందుకే చిగుళ్ళతో నమిలేస్తున్నాడు. పాలు లేక కాదు."

"మరి కొసన ఆ నొక్కు?"

"పొర లాగిపట్టడం వల్లే. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారే నాలుకలు చాపారు. డాక్టరమ్మకి నవ్వాగలేదు.

"ఇలా ఉన్నవాళ్ళందరికీ కత్తిరించక్కర్లేదు. పాలు తాగగలిగితే వదిలేస్తాం. వీడికి కుదరట్లేదుగా!"

కత్తెర ఒక్కసారి కదిలింది. చుక్క రక్తం, ఒక కేక. వెంటనే కూతురు వాణ్ణి రొమ్ముకి పెట్టుకుంది. కాసేపు తడుముకున్నాడు. తర్వాత గుటక వినిపించింది, మళ్ళీ ఇంకొకటి. బిగబట్టిన కూతురి భుజాలు మెల్లగా దిగాయి.

"మీకూ చేసేదా పెద్దమ్మా?"

"ఇప్పుడు నా మాట తేటపడితే బట్టలిచ్చేవాళ్ళు గుర్తుపట్టరమ్మా. కొట్టు చేతులు మారిందనుకుంటారు." గొంతు తగ్గించి అడిగింది: "మరి, దీని చిన్నప్పుడు... నా పాలు కూడా..."

"అప్పుడు చూసినవాళ్ళు లేరు కదా, గట్టిగా చెప్పలేను. అయ్యుండొచ్చు."

ఇస్త్రీ అమ్మ గోడవారన బల్ల మీద కూర్చుండిపోయింది. అత్తగారు పోయి ఏళ్ళయింది. ఇక ఎవరితో చెబుతుంది?

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"కాళ్ళు లాగుతున్నాయే. కొట్టు సాయంత్రం తెరుద్దాం. వాణ్ణి కడుపునిండా తాగనీ."