అక్క పేరుతో వచ్చిన జవాబులు

వీధిలో అందరూ ఆమెను బుడ్డమ్మ అనే పిలిచేవారు. యాభై దాటినా ఆ పేరు వదల్లేదు. పెట్టిన అక్క పక్కనే ఉంటే ఎలా వదులుతుంది? తల్లి పోయేనాటికి బుడ్డమ్మకు సొంతంగా జడ వేసుకోవడం కూడా రాదు. అక్క బడి మానేసి, చెల్లెల్ని పెంచింది. చివరికి ఇద్దరూ కలిసి కర్టెన్లు కుట్టే దుకాణం పెట్టారు. అక్క కొలిచి కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. "పెద్దావిడ కత్తిరిస్తుంది, చిన్నావిడ అతుకుతుంది. మాటల్లో కూడా అంతే" అని ఖాతాదారులు నవ్వేవారు.

బుడ్డమ్మ భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు. పెళ్ళిరోజు కానుకగా ఓడ ప్రయాణం అన్నప్పుడు ఆమె ఎగిరి గంతేయలేదు.

"అక్కతో మాట్లాడకుండా అన్ని రోజులా?" అంది.

అక్క కత్తెర పక్కన పెట్టింది. "అదేంటే, ఓడెక్కితే నోరు పడిపోతుందా? అక్కణ్ణుంచే వాగు. నాకూ కాస్త చెవులు చల్లబడతాయి."

ఓడలో కౌంటర్ దగ్గరి అమ్మాయి విడమరచి చెప్పింది. రేవు దాటితే మామూలు సిగ్నల్ ఉండదు, ఓడ సిగ్నల్ మీద కాల్ చేస్తే బిల్లు తడిసి మోపెడవుతుంది, వైఫై ప్యాకేజీ తీసుకుంటే మెసేజ్‌లు మాత్రం హాయిగా వెళ్తాయి. మాస్టారు ఇద్దరి ఫోన్లకూ తీసుకున్నారు. బుడ్డమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఇక మొదలు. గదిలో గుండ్రటి కిటికీ ఫోటో తీసి పంపి, "దీనికి కర్టెన్ ఎలా కత్తిరిస్తావో చెప్పు" అని అడిగింది. అక్క ఎప్పుడూ రాయదు, వాయిస్ మెసేజే పంపుతుంది. "ఆ కిటికీకి కర్టెన్ ఎందుకే, చేపలు తొంగి చూస్తాయనా?" అని అక్క గొంతు వినబడగానే బుడ్డమ్మ పగలబడి నవ్వింది. డెక్ మీద పక్క కుర్చీల వాళ్ళు తిరిగి చూశారు.

మర్నాడు సాయంత్రం అక్క దగ్గర్నుంచి మొదటిసారి అక్షరాల్లో మెసేజ్ వచ్చింది. "గొంతు పట్టేసింది. డాక్టర్ మాట్లాడొద్దన్నాడు. రాస్తాలే." బుడ్డమ్మ వేడినీళ్ళు తాగమని రాసింది, దుకాణం మూసి పడుకోమని రాసింది. అన్నిటికీ "సరేలే" అని జవాబు వచ్చింది. అక్క ఇంత బుద్ధిగా సరే అనడం ఆమెకు వింతగానే తోచింది. జబ్బు చేస్తే మనిషి మెత్తబడుతుంది కాబోలు అనుకుంది.

తెల్లవారాక ఓడ ఒక పెద్ద రేవులో ఆగింది. ఆ రోజు మాస్టారు ఆమెను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. అడక్కుండానే గడ్డి టోపీ కొన్నారు. ఎండగా ఉందంటే గొడుగు పట్టారు. రేవు బయట పెద్ద నీలం బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీశారు. విమానాశ్రయానికి దారి చూపే బోర్డు అది. ఇన్నేళ్ళకు ఈయనకు నా మీద ప్రేమ పొంగుకొచ్చిందని ఆమె లోలోపల మురిసిపోయింది.

ఓడ మళ్ళీ కదిలాక, డెక్ మీద కూర్చున్న బుడ్డమ్మకు మనసు నిండిపోయింది. నిండిన మనసుకు ధైర్యం వస్తుంది. ఎదురుగా ఉంటే ఎన్నడూ అడగలేని మాట ఫోన్లో రాసేసింది. "అక్కా, నాకోసం చదువు మానేశావు కదా. ఎప్పుడైనా బాధపడ్డావా? నిజం చెప్పు."

జవాబు చాలాసేపటికి గానీ రాలేదు. "ఒక్కరోజు కూడా లేదు. నువ్వే నా మొదటి బిడ్డవి."

ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు. గుండెలో చిన్నప్పటి నుంచి గుచ్చుకుంటున్న ముల్లు ఊడి వచ్చినట్టయింది. మాస్టారికి కూడా చూపించింది. ఆయన చదివి, సముద్రం వైపు తిరిగారు.

తిరుగు ప్రయాణంలో ఓ సాయంత్రం, భోజనాలకు తయారై, కొత్త చీరలో ఫోటో తీసుకుని అక్కకు పంపింది. వెంటనే జవాబు వచ్చింది.

"చాలా బాగున్నావు పిన్నీ."

ఆమె చూస్తుండగానే ఆ అక్షరాలు మాయమై, మెసేజ్ తొలగించారన్న మాట మిగిలింది. దాని కింద "చాలా బాగున్నావే" అని కొత్తది వచ్చింది.

పిన్నీ అని పిలిచేది లోకంలో ఒక్కతే, అక్క కూతురు. అక్క ఫోన్లోంచి ఆ పిల్ల ఎందుకు రాస్తోంది? బుడ్డమ్మ కాల్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. గదిలో మాస్టారు అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

"అక్కకేమైంది?"

గుండీ మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ఇంకేం చెప్పక్కర్లేదు.

దుకాణంలోనే, బల్ల మీద గుడ్డ పరుస్తూ అక్క కుప్పకూలిందట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. గొంతు పట్టేసిందని మెసేజ్ వచ్చింది ఆ సాయంత్రమే.

"మీ బావ చెప్పొద్దన్నాడు" అన్నారు మాస్టారు. "నడిసముద్రంలో నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఏడ్చి ఏడ్చి పడిపోతావని..."

"మర్నాడు రేవులో దిగాం కదండీ."

ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"విమానాశ్రయం బోర్డు కింద నన్ను నిలబెట్టి, నవ్వమన్నారు. నవ్వాను. అప్పటికి అక్క ఇంట్లోనే ఉందా?"

"ఉంది" అన్నారాయన నేల చూస్తూ. "సాయంత్రం తీసుకెళ్ళారు."

ఆ తర్వాత ఓడ ఒడ్డు చేరేదాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు. భోజనాల గదికి వెళ్ళలేదు. ఆయన పళ్ళెంలో ఏదో తెచ్చి పెడితే, ఆ పళ్ళెం వచ్చినట్టే తిరిగి వెళ్ళింది.

ఇంటికి రాగానే తిన్నగా అక్క ఇంటికి నడిచింది. బావ గుమ్మంలోనే చేతులు జోడించాడు. ఆమె ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. అక్క కూతురు మంచం మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ముఖం వాచిపోయింది.

"నాన్న రాయమన్నారు పిన్నీ. వద్దన్నాను. నువ్వు పంపిన ప్రతిదానికీ అమ్మలాగా రాయాలంటే నాకెలా ఉంటుంది?"

ఆ మాటతో బుడ్డమ్మ కోపం సగం చల్లారింది. తల్లి పోయిన పిల్ల చేతికి తల్లి ఫోనిచ్చి, బతికున్నట్టు రాయమన్నారు. దాన్ని దగ్గరికి తీసుకుంది. కానీ అడగాల్సింది అడగక తప్పలేదు.

"చదువు గురించి అడిగాను చూడు. ఒక్కరోజు కూడా బాధపడలేదని అమ్మ నీతో ఎప్పుడైనా అందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "అమ్మయితే అలాగే అంటుందనుకున్నా."

బుడ్డమ్మ దాని జుట్టు నిమురుతూ ఉండిపోయింది. అక్క ఏమనేదో ఇక ఎవరికీ తెలియదు. బాధపడ్డానే అని, వెంటనే తిట్టి నవ్వేదేమో. ఏమన్నా అది అక్క మాట అయ్యేది.

పిల్ల మీద ఆమె కోపం నిలవలేదు. బావ వచ్చి క్షమించమంటే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది, పలకలేదు. దుకాణం తెరిచింది. కత్తిరింపు తానే నేర్చుకుంటోంది. మొదట్లో కొన్ని గుడ్డలు పాడయ్యాయి.

మాస్టారితో మాత్రం చాలాకాలం అవసరానికే మాట్లాడింది. ఓ రోజు ఆయనే ఉండబట్టలేక అడిగారు.

"నేను చేసింది తప్పే. కానీ నీ మంచికే కదా. చెప్పి ఉంటే ఏం జరిగేది? ఏడ్చేదానివి. అంతేగా?"

కుట్టుమిషను ఆపి, ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"అవును, ఏడ్చేదాన్ని. ఏడవనివ్వాల్సింది. మీరు టోపీ కొనిపెట్టారు."