టెస్టింగక్క సంతకం

పెట్టె మీద ఆమె సంతకం లేనిదే ఆ షాపు గడప దాటి ఒక్క యూపీఎస్ కూడా బయటికి పోదు. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి. అందుకే కొనేవాళ్లూ, పెట్టెలు మోసేవాళ్లూ, పక్క షాపు జిరాక్సాయనా అందరూ ఆమెను టెస్టింగక్క అనే పిలుస్తారు. అసలు పేరేమిటని అడిగితే వాళ్లలో సగం మంది నీళ్లు నములుతారు.

షాపు అన్నయ్యది. ముందు గదిలో కౌంటరు దగ్గర ఆయన, వెనక గదిలో టెస్టింగు బల్ల దగ్గర ఈవిడ. అన్నయ్య రాయిని కూడా మాట్లాడించగల ఘటం. చెల్లెలు నోరు విప్పితే ముత్యాలు రాలతాయేమోనన్నట్టు ఉండేది. కానీ ఏ రకం యూపీఎస్ కొనాలని ఎవరైనా అడిగారో, ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు.

"మూడు రకాలుంటాయండి. మొదటిది స్టాండ్‌బై. కరెంటున్నంతసేపూ హాయిగా పడుకుంటుంది. పోగానే ఉలిక్కిపడి లేచి బ్యాటరీ అందుకుంటుంది. ఆ లేచేలోపు మీ మిషనుకి రెప్పపాటు కరెంటు ఉండదు. ఇంట్లో కంప్యూటరుకి అది చాలు. రెండోది లైన్ ఇంటరాక్టివ్. కరెంటులో హెచ్చుతగ్గులొస్తే బ్యాటరీ జోలికి పోకుండా తనే సర్దుకుంటుంది, ఆఫీసులకి బాగుంటుంది. కానీ కరెంటు పూర్తిగా పోతే దానికీ ఆ రెప్పపాటు ఖాళీ తప్పదు. మూడోది ఆన్‌లైన్. అది అసలు పడుకోదు. గోడలో కరెంటున్నా లేకపోయినా మీ మిషనుకి ఎప్పుడూ తనే తయారుచేసి ఇస్తుంది కాబట్టి ఖాళీ అనేదే రాదు. వేడెక్కుద్ది, ఫ్యాను మోత, ఖరీదెక్కువ. క్షణం కూడా ఆగకూడని మిషనుంటేనే తీసుకోండి. లేకపోతే వద్దు, దండగ."

ఆ 'దండగ' అన్న ముక్క వినబడినప్పుడల్లా కౌంటరు దగ్గర అన్నయ్య తల పట్టుకునేవాడు. కొనేవాళ్లకు మాత్రం ఆ ముక్కే నచ్చేది. అక్కర్లేనిదాన్ని అక్కర్లేదని చెప్పే మనిషి, కావాలని చెప్పినప్పుడు కళ్లు మూసుకుని నమ్మొచ్చు కదా.

ఆమె పరీక్ష చాలా చిన్నది. యూపీఎస్‌కి ఒక చిన్న పాలగాజు ఫిలమెంటు బల్బు తగిలించి, గోడలోని ప్లగ్గు లాగేస్తుంది. లోపల కరెంటును బ్యాటరీ వైపు తిప్పే రిలే టక్కుమని మారి, బల్బు ఒకసారి కన్ను కొట్టిందంటే అది మొదటి రెండు రకాల్లో ఏదో ఒకటి. శబ్దమూ లేక, వెలుగూ చెదరకపోతే ఆన్‌లైన్. మీటర్లు వోల్టేజీ చెబుతాయి గానీ, ఆ రెప్పపాటు ఖాళీని పట్టే పరికరం ఆ షాపులో లేదు. మూడుసార్లు లాగి, మూడుసార్లూ ఒకేలా ఉంటే చీటీ రాసి సంతకం పెడుతుంది.

ఆరేళ్ల కిందట ఆమె చెవి మొరాయించింది. బీపులూ ఫ్యాన్ల మోతా విని విని అలిసిపోయిందో ఏమో, ముందు సన్నటి శబ్దాలు పోయాయి. ఆ తర్వాత రిలే టక్కు కూడా పోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే అర్థమయ్యేది, వెనక నుంచి పిలిస్తే లేదు. ఒకరోజు భోజనాల వేళ అన్నయ్య దగ్గర కూర్చుని ఏడ్చేసింది.

"ఇంక ఆ బల్ల దగ్గర కూర్చోలేనన్నయ్యా. వినబడనిదానికి సంతకమెలా పెట్టను?"

"పిచ్చిదానా, కళ్లున్నాయిగా నీకు? బల్బు కన్ను కొడితే కనబడుద్ది. చెవి సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ," అన్నాడాయన.

అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆమెకు ఫోన్లు వస్తే తనే తీసేవాడు. ఏం చెప్పాలన్నా వెనక గదిలోకి వచ్చి ఎదురుగా నిలబడి చెప్పేవాడు. ఇలాంటి అన్న ఎవరికి దొరుకుతాడని ఆమె మురిసిపోయేది. మురిసిపోవడంలో ఆమె తప్పేమీ లేదు, మనమైనా అంతే.

ఒక ఉదయం అన్నయ్య షాపులో లేని సమయంలో కొరియరతను వచ్చి ఒక కవరు ఆమె చేతికిచ్చాడు. లోపల ఆమె రాసిన చీటీయే ఉంది. 'ఆన్‌లైన్, మూడుసార్లు చూశాను' అని, కింద సంతకం. వెనకవైపు ఒక రక్తపరీక్షల ల్యాబ్ నడిపే మేడమ్ రాసిన నాలుగు ముక్కలు: 'మీ సంతకం చూసే కొన్నాం. కరెంటు పోయినప్పుడల్లా మా మిషను ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. లోపలున్న రక్తం పనికిరాకుండా పోతోంది. నిన్న నెలల పిల్లకు రెండోసారి సూది గుచ్చాల్సి వచ్చింది.'

ఆమె షాపు మూసి, ఉన్నపళంగా బస్సెక్కి ల్యాబ్‌కి వెళ్లింది. బల్ల కింద పెట్టె ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, గోడలోని ప్లగ్గు లాగింది. మిషను తెర నల్లబడి మళ్లీ వెలిగింది. చెవికి ఏమీ వినబడలేదు గానీ అరచేతికి మాత్రం లోపల ఏదో టక్కున కొట్టుకున్నట్టు తెలిసింది. మేడమ్‌కి క్షమాపణ చెప్పి బయటపడింది. దారి పొడవునా, నా కళ్లు కూడా పోయాయన్నమాట అనే అనుకుంది. అన్నయ్య మీదికి ఆమె అనుమానం పొరపాటున కూడా పోలేదు.

తిరిగొచ్చి, ఉన్నవాటిలోకెల్లా చౌకరకం స్టాండ్‌బై పెట్టెను బల్ల మీదికి దింపింది. బల్బు తగిలించి ప్లగ్గు లాగింది. వెలుగు చెదరలేదు. మళ్లీ లాగింది. పదిసార్లు లాగినా చెదరలేదు. కళ్లదే తప్పయితే, ఒక్కసారైనా ఎక్కడో చెదిరినట్టు అనిపించాలి కదా. అంతసేపు వెలిగిన బల్బును భయం భయంగా ముట్టుకుంది. వేలు చుర్రుమనలేదు. ఊరికే గోరువెచ్చగా ఉంది.

పైన అదే పాలగాజు, అదే సైజు. లోపల మాత్రం ఎల్ఈడీ. అలాంటి బల్బు లోపల కాస్త కరెంటు నిలవుంటుంది. రెప్పపాటు ఖాళీ వస్తే ఆ నిలవతోనే, ఏమీ ఎరగనట్టు వెలిగేస్తుంది. దాన్ని తగిలించి చూస్తే ఏ పెట్టయినా ఆన్‌లైనే. చెవులున్న మనిషైతే రిలే శబ్దం విని ఒక్క నిమిషంలో పట్టేసేది. ఈ మనిషికి బల్బు తప్ప వేరే దిక్కు లేదని తెలిసింది లోకంలో ఒక్కరికే. స్టూలు మీద కూలబడి, అన్నయ్య వచ్చేదాకా ఆ బల్బును అలాగే పట్టుకుని కూర్చుంది.

ఆయన వచ్చి, ఆమె చేతిలో బల్బు చూసి, కౌంటరు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఎప్పుడు మార్చావన్నయ్యా?"

"మొదట ఎండాకాలంలో," అన్నాడు. కనీసం బుకాయించలేదు. "ఆన్‌లైన్ పెట్టెలు రావడం ఆగిపోయింది. కొనేవాళ్లకేమో మాటిచ్చేశాను. లైన్ ఇంటరాక్టివ్ వాటికే స్టిక్కరు మార్చి, ఫ్యాను ఆగకుండా తిరిగేలా వైరు కలిపా. అవి నీ బల్ల మీదికొచ్చినప్పుడే ఈ బల్బు పెట్టేవాణ్ణి, నిన్న ఆఖరిదానికి పెట్టి తీయడం మరిచిపోయా. అసలువి వచ్చాక మార్చేద్దామనుకున్నానే."

"ఎన్ని?"

"ఆరు."

"నాతో చెప్పకూడదా?"

"చెబితే సంతకం పెడతావా?"

పెట్టదు. అది ఇద్దరికీ తెలుసు.

"నా చెవి సంగతి నిన్ను నమ్మి చెప్పాను," అంది. "నువ్వే దాచమన్నావు. దాచింది ఇందుకా?"

"నేనెవరితోనైనా అన్నానా? ఆరేళ్లలో ఒక్కడి చెవినైనా వేశానా?"

"రేపు ఆరు చోట్లకీ నేనే వెళ్తా. నా చెవి గురించీ చెప్తా, నువ్వు బల్బు మార్చావనీ చెప్తా. నా సంతకం నేనే వెనక్కి తీసుకుంటా."

ఆయన చాలాసేపు బతిమాలాడు. షాపు మూతపడుతుందన్నాడు, పరువు పోతుందన్నాడు, వదినను తలుచుకోమన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి, "సరే, నీ ఇష్టం," అని కౌంటరు దగ్గరికి వెళ్లిపోయాడు. అన్నయ్య ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే తప్పు తెలిసొచ్చిందనే అనుకుంది. పాపం, ఆ పూట కూడా ఆయన్ని నమ్మింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లింది. మేడమ్ గబగబా లేచొచ్చి కుర్చీ లాగి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పెదవులు సాగదీస్తూ, గదంతా దద్దరిల్లేలా మాట్లాడింది.

"అంతా తెలిసిందమ్మా! మీ అన్నయ్యగారు నిన్న సాయంత్రం ఫోన్ చేశారు! మీకు వినబడదట కదా! ఆ శబ్దం పట్టుకోలేక పొరపాటున ఆన్‌లైనని రాసేశారట కదా! కొత్తది పంపిస్తానన్నారు. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అనొద్దని ఎంత బతిమాలారో! అలాంటి అన్నయ్య దొరకడం మీ అదృష్టం!"

ఆమె కుర్చీలోంచి లేచింది.

"అది కాదండీ. మా అన్నయ్య బల్బు మార్చాడు. ఎల్ఈడీ పెట్టాడు. దాంతో చూస్తే ఎవరికైనా అలాగే కనబడుతుంది."

మేడమ్ పక్కనున్న నర్సు వైపు చూసింది. నర్సు తల దించుకుంది.

"సరేలెండమ్మా, అయ్యిందేదో అయ్యింది. బాధపడకండి."

"నాకు కళ్లు బాగానే కనబడతాయండి!"

"కనబడతాయమ్మా, ఎందుకు కనబడవు," అంది మేడమ్, మరింత గట్టిగా, ఒక్కో మాటా మరింత సాగదీస్తూ.

రెండో చోటు పళ్ల డాక్టరు క్లినిక్. అక్కడ ఆమె తానెవరో చెప్పుకోకముందే కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చి, గట్టిగా మాట్లాడారు. ఆమె బల్బు సంగతి చెబుతుంటే జాలిగా తలూపారు. అయినా తను చెప్పినట్టే మిగతా నాలుగు చోట్లకూ వెళ్లింది. ఎవరైనా తన చీటీ మొహాన కొట్టి, ఏం చూసి పెట్టావమ్మా ఈ సంతకం అని నిలదీస్తారేమోనని ప్రతి గడపలోనూ కాసేపు నిలబడి చూసింది. ఆరు చోట్లా ఒక్కరు కూడా ఆమెను తిట్టలేదు.