నూట ఐదు డిగ్రీల బ్యాటు

కిందటి ఆదివారం ఖమ్మంలో ఒక ఆటవస్తువుల దుకాణంలో, గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టిన రెండు పికిల్‌బాల్ ప్యాడిళ్ల ముందు నేను దాదాపు గంటసేపు నిలబడిపోయాను. మా కాలనీలో ఎవరూ ఆడక గడ్డి మొలిచిన టెన్నిస్ కోర్టును ఈ మధ్య శుభ్రం చేయించి, కొత్త గీతలు గీయించారు. పొద్దున్నే అక్కడ ఆడవాళ్లు చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఈ కొత్త ఆట ఆడుతున్నారు. రెండు నెలలుగా మా కోడలి ప్యాడిల్‌తోనే నెట్టుకొస్తున్న నేను, ఇక నాకంటూ ఒకటి ఉండాలని, మరీ చవకదైతే అంచు ఊడిపోతుందనీ మరీ ఖరీదైనదైతే నా మోకాళ్లకు అది దండగనీ తేల్చుకుని, మధ్యరకం ధరలో వెతకడానికి కోడలిని వెంటబెట్టుకుని వెళ్లాను.

రెండింటి బరువూ ఒకటేనని అట్టపెట్టెల మీద అచ్చయి ఉంది, రెండు వందల ఇరవై ఐదు గ్రాములు. ఒకదాని లోపలి తేనెపట్టు పొర మందం పద్నాలుగు మిల్లీమీటర్లు, దాని ముఖానికి గాజుపీచు పలక. రెండోదాని పొర పదహారు, ముఖానికి గరుకైన కార్బన్ పలక. పలుచనిది బంతిని విసురుగా తోస్తుంది, మందమైనది ఆ విసురును కొంత మింగి, బంతిని మనం అనుకున్న చోటికి పంపుతుంది. నేను సంచిలోంచి వంటింటి తూకం మిషన్ తీసి బల్ల మీద పెట్టేసరికి మా కోడలు తల పట్టుకుంది.

“అత్తమ్మా, దీన్ని గూడ వెట్టుకొచ్చిండ్రా? పరువు తీస్తరు!”

దుకాణదారు మాత్రం నవ్వి, “పోనీయండి మేడం, చూడనీయండి. ఇది పవర్‌కు, గిది కంట్రోల్‌కు. మీ ఏజ్‌కు కంట్రోలే మంచిగుంటది,” అన్నాడు.

తూకంలో ఒకటి రెండు వందల ఇరవై మూడు, రెండోది రెండు వందల ఇరవై ఏడు వచ్చాయి. ఆ నాలుగు గ్రాములతో ఏమీ తేలదని నాకు తెలుసు. అప్పుడు ఎందుకో మందమైన ప్యాడిల్‌ను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టాను. ఆ చిన్న వణుకు మణికట్టు దాకా పాకగానే, దుకాణమూ కోడలూ మసకబారి, చండ్రుగొండ దగ్గరి కాలువ క్యాంపు కళ్లముందు నిలిచింది.

మాది కారేపల్లి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించిన ఏడాదే ఆ క్యాంపులోని మట్టి పరీక్షల ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. మా మేనమామ అక్కడే సూపర్‌వైజర్‌గా ఉండటంవల్ల, ఆయన క్వార్టర్‌లోనే, మా అత్త చేతి వంట తింటూ, అడవి అంచున కొత్త జీవితం మొదలుపెట్టాను. కొలిచినవాటిని మళ్లీ కొలిచి సరిచూడటం మామ పని. ఆ పనిలో ఆయనకు బంధుత్వాలు లేవు. ఒకసారి తేమ శాతంలో దశాంశం తర్వాతి అంకెను పొరపాటున తప్పు రాసి, నేను చెరిపి దిద్దానని కనిపెట్టి, ఆనాటి పరీక్షలన్నీ నాచేత మొదటినుంచీ చేయించాడు. ఇంటికొచ్చాక అదే చేత్తో నా కంచంలో రెండో ముద్దకు నెయ్యి వేశాడు.

మన తరంవాళ్లలో చాలామందికి బాల్ బ్యాడ్మింటన్ గుర్తుండే ఉంటుంది. జట్టుకు ఐదుగురు, పసుపు పచ్చని ఉన్ని బంతి, చెక్క చట్రానికి గట్టింగ్ తీగలు అల్లిన పొడవాటి బ్యాటు. ఏ ప్రభుత్వ క్యాంపులోనైనా నాలుగు గదులు కట్టగానే ఐదో పనిగా రెండు గుంజలు పాతి నెట్ కట్టేవారు. మా క్యాంపు ఐదుగురిలో ఒకరికి బూర్గంపాడు బదిలీ కావడంతో ఒక చోటు ఖాళీ అయింది. చిన్నప్పుడు మామ దగ్గరే ఆ ఆట నేర్చుకున్న నేను, ఆ చోటు నాకు కావాలని అడిగాను. అప్పటిదాకా ఆ కోర్టులోకి ఆడపిల్ల అడుగు పెట్టలేదు. మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మామ అందరి ముందూ ఒక షరతు పెట్టాడు: తాను కొట్టే బంతులను వరుసగా ఇరవైసార్లు గీతల లోపల పడేలా తిరిగి కొడితే చోటు నాది, ఎవరు అడిగినా ఇదే పరీక్ష, అవకాశాలు రెండే. సాధన చేసుకొమ్మని తన బ్యాటు నా చేతికిచ్చాడు. పెళ్లికి ముందు కొనుక్కున్న ఆ బ్యాటును ఆయన అంతకుముందు ఎవరికీ ఇచ్చిన జ్ఞాపకం అత్తకు కూడా లేదు.

అవి ముసురు రోజులు. వారం తిరిగేసరికి గట్టింగ్ వదులై, బ్యాటు చేతిలో బరువుగా వేలాడసాగింది. ల్యాబు త్రాసులో తూచాను: నూట తొంభై ఆరు గ్రాములు ఉండాల్సింది రెండు వందల ఏడు తూగింది. పదకొండు గ్రాముల నీళ్లు. మట్టి నమూనాలో తేమ ఉంటే ఏం చేస్తామో నాకు కంఠతా వచ్చు. నూట ఐదు డిగ్రీల దగ్గర, ఇరవై నాలుగు గంటలు, ఓవెన్‌లో. అరలు తీసేసి ఏటవాలుగా ఆనిస్తే బ్యాటు ఓవెన్‌లో చక్కగా పట్టింది. మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే గట్టింగ్ ముడుచుకుని తెగిపోయి ఉంది, అతికిన పొరలు విచ్చుకుని చట్రం మామిడికాయ బద్దలా నోరు తెరిచింది. నేను చేసిన పరీక్షలన్నిటిలోనూ తేమ అంత నిశ్శేషంగా పోయినది అదొక్కటే.

ఆ ముక్కను పాతగుడ్డలో చుట్టుకుని మామ ముందు పెట్టి, తల దించుకుని నిలబడ్డాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎన్ని డిగ్రీలు పెట్టినవ్ బిడ్డా?”

“నూట ఐదు మామా.”

“ఎన్ని గంటలు?”

“ఇరవై నాలుగు.”

“రూల్ ప్రకారమే చేసినవ్ పో,” అని, దాన్ని మళ్లీ గుడ్డలో చుడుతూ, “పరీచ్చ మాత్రం ఉన్నది. ఏ బ్యాటు దెచ్చుకుంటవో నీ ఇష్టం,” అన్నాడు.

గొంతులో కోపం లేదు. కానీ ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేసి లేవడం నేను చూశాను. ఇప్పుడు ఆ చోటు నాకు ఆట కోసం మాత్రమే కాదు. అది దక్కకపోతే, ఆయన బ్యాటు ఉత్త పుణ్యానికి పోయినట్టే.

వార్త పాకాక క్యాంపులో ఎవరూ నాకు బ్యాటు అరువివ్వలేదు. నేను ఎదురైతే చాలు, స్టోర్‌కీపర్ తన బ్యాటును వీపు వెనక దాచుకుని, “మేడం, మాది ఎండే ఉన్నది!” అనేవాడు. కొత్తది కొనుక్కుందామంటే, వాగులు పొంగి ఖమ్మం బస్సు లేదు. ఆ అవస్థ చూసి జాలిపడినవాడు, ల్యాబుకు మట్టి నమూనాలు తవ్వి తెచ్చే పెద్దయ్య ఒక్కడే. పక్క అడవి పల్లెకు చెందిన ఆయన తనవాళ్లతో తమ భాషలోనూ మాతో తెలుగులోనూ మాట్లాడేవాడు. వ్యవసాయం లేని నెలల్లో క్యాంపుకు కూలికి వచ్చేవాడు. ఆ పల్లెలో డోళ్లు చెక్కేది ఆయనే. మూడో నాడు రెండు చెక్క బ్యాట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రెండింటికీ గట్టింగ్ లేదు, ముఖమంతా ఒకే పలక. ఒకటి పాత బండి నుంచి తీసిన నల్లమద్ది, రెండోది డోలు చెక్కినప్పుడు పక్కన పెట్టిన గుమ్మడిటేకు.

నేను వెంటనే తూచాను: నాలుగు వందల పన్నెండు, రెండు వందల అరవై ఎనిమిది. ఒక్కొక్క దాన్నీ ల్యాబులోని రాతి బల్లకు బిగించి, మీటరు ఎత్తునుంచి ఉన్ని బంతిని పదేసిసార్లు వదిలి, ఎగిసిన ఎత్తుల సగటు తీశాను. నల్లమద్ది మీద బంతి మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఎగిరింది. పెద్దయ్య బీడీ చెవిమీద పెట్టుకుని ఇదంతా ఓపికగా చూశాడు.

“అమ్మా, బల్ల ఆడ్తదా, నువ్వు ఆడ్తవా?” అన్నాడు. “గది బరువు. బంతిని గాదు, నీ చెయ్యినే ఈడ్సుకపోతది. గీ గుమ్మడిటేకు చెవికాడ వెట్టి తట్టి సూడు, చెప్పినట్టు ఇంటది.”

నేను తట్టి చూడలేదు. అంకె చెప్పాక చెవితో పనేముంది? నల్లమద్ది పట్టుకుని మొదటి పరీక్షకు వెళ్లాను. గట్టింగ్ లేని బ్యాటేమిటని స్టోర్‌కీపర్ అడ్డుపడితే, “లేదని బంతికి తెల్వదు, నువ్వు జెప్పకు,” అని మామ నోరు మూయించాడు. ఏడో బంతికి నా మణికట్టు ఆలస్యంగా తిరిగి, బంతి వెనక గీత దాటి చెట్లలో పడింది. మామే వెళ్లి బంతి వెతుక్కుని వచ్చాడు. బల్లకు బిగించిన బ్యాటు కొలత బల్లదే తప్ప బ్యాటుది కాదని, ఊగే చేతిలో పరీక్షించనిదాన్ని పరీక్షించినట్టు కాదని, నా చదువు నాకు నేర్పని ఆ సంగతిని ఆ సాయంత్రం పెద్దయ్య ముందు ఒప్పుకున్నాను. ఆయన గుమ్మడిటేకు బ్యాటు పిడిని నా గుప్పిటకు సరిపడేలా మరో రెండు నూళ్లు సన్నగా చెక్కి ఇచ్చాడు.

రెండో పరీక్ష వారం తర్వాత, వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం. ఇదే ఆఖరుది. అత్త కూడా చేట చేత్తో పట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆ తేలికైన పలక మీద బంతి పడిన ప్రతిసారీ మెత్తటి వణుకొకటి మణికట్టులోకి వచ్చేది, బంతి ఎటు పోతుందో చూడకముందే చేతికి తెలిసిపోయేది. మామ పైకి లెక్కపెడుతూ కొడుతున్నాడు, నేను మనసులో లెక్కపెడుతున్నాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నా లెక్కలో పదిహేను అయిన బంతికి ఆయన “పదహారు” అన్నాడు.

నా చెయ్యి మాత్రం ఆగలేదు. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది అంటూ కొడుతూ పోయి, “ఇరవై!” అని అరిచి, ఆయన బంతిని గాల్లోనే ఒడిసి పట్టుకున్నాడు. అది పందొమ్మిది. నాకు తెలుసు. చుట్టూ నిలబడినవాళ్లంతా జీవితమంతా అంకెలతో గడిపినవాళ్లే, వాళ్లలో ఒక్కరైనా విని ఉంటారు. ఎవరూ తప్పు పట్టలేదు. నేను నోరు తెరవబోతుంటే మామ కండువాతో ముఖం తుడుచుకుంటూ, “రేపు అయిదింటికి రా. ఆలస్యమైతే ఊకోను,” అని, నావైపు చూడకుండా నెట్ విప్పే పనిలో పడ్డాడు.

దశాంశం తర్వాతి అంకెకు నాచేత రోజంతా పని చేయించిన మనిషి, ఆయాసంలో ఒక అంకె మరిచిపోయాడో, తెలిసే దాటేశాడో, నేను ఎన్నడూ అడగలేదు. అడిగితే ఆయన నిజమే చెప్పేవాడు. ఆ నిజం ఏదైనా నాకు అక్కర్లేకపోయింది.

మూడేళ్లు ఆ జట్టులో ఆడాను. రెండో ఏడాదికి మరో ఇద్దరు ఆడపిల్లలు కోర్టులోకి వచ్చారు. విచ్చుకున్న పాత బ్యాటును మామ పారేయలేదు. అత్త అప్పడాలు ఎండబెట్టినప్పుడు దానితో కాకులను అదిలించేది. కాలువ పని ముందుకు జరిగాక క్యాంపు లేచిపోయింది, మామా పెద్దయ్యా కాలం చేశారు, గుమ్మడిటేకు బ్యాటు ఏదో బదిలీ సామానులో పోయింది. దాని కొలతలు మాత్రం నా పాత నోట్‌బుక్‌లో ఉన్నాయి, బరువు, మందం, పిడి చుట్టుకొలత. వాటి కింద, ఆ సాయంత్రం నేనే రాసిన అంకె, ఇరవై. నా ఉద్యోగ జీవితంలో తెలిసి తెలిసి రాసిన తప్పు అంకె అదొక్కటే.

ఇంతకీ ఆదివారం నేను మందమైన ప్యాడిల్‌నే కొన్నాను, తూకం చూసి కాదు, తట్టి చూసి. మర్నాడు పొద్దున కోడలిని ఎదురుగా నిలబెట్టి, ఇరవై బంతులు కొట్టి లెక్కపెట్టమన్నాను. ఆ పిల్ల ముచ్చటపడి తన ఫోన్‌ను గుంజకు ఆనించి వీడియో కూడా పెట్టింది. పద్దెనిమిదో బంతి నెట్‌కు తగిలి నా వైపే పడింది.

“పదిహేడు, అత్తమ్మా!” అంది, మెచ్చుకోలుగానే.

లెక్క సరిపోయింది. ఫోన్‌లో మళ్లీ చూసినా పదిహేడే. ఇప్పుడు ప్యాడిల్ మందం పెట్టె మీదే అచ్చవుతుంది, ప్రతి బంతీ ఫోన్‌లో నిలిచిపోతుంది, ఎవరి లెక్కా తప్పదు. నా వృత్తి అంతా నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. అయినా కోర్టు పక్క బెంచీ మీద కూర్చున్న ఆ కాసేపూ, అవతలి వైపునుంచి ఆయాసపడుతూ ఒక అంకె దాటేసే గొంతు కోసం నా చెవి వెతుకుతూనే ఉంది.

ఇంటికి వచ్చి పాత నోట్‌బుక్ తీశాను. కొత్త ప్యాడిల్ బరువు, మందం రాసి, కింద పదిహేడు అని రాశాను. ముందు పేజీలోని ఇరవైని మాత్రం దిద్దలేదు.