వామన్‌రావు కట్టిన నవ్వులు

మీసాలు వచ్చిన నాటి నుంచీ వామన్‌రావు కట్టుడు పళ్ళు చేస్తూనే ఉన్నాడు. పాతబస్తీలో గాజుల దుకాణాల వెనక సందులో, మేడ మీది చిన్న గది అతని కార్ఖానా. డాక్టర్లు చిగుళ్ళ అచ్చు పంపిస్తారు. అతను పళ్ళు కట్టి, నునుపు చేసి, డబ్బీలో పెట్టి తిరిగి పంపిస్తాడు. అవి ఎవరి నోట్లోకి వెళ్ళాయో, ఆ మనిషి వాటితో ఎలా నవ్వాడో అతనికి తెలిసేది కాదు.

కిందటేడు కూతురు అభిజ్ఞ కొత్త కెమెరా కొనుక్కుని పాతది అతని చేతికిచ్చింది.

"ఏం తీస్తవు బాపు?"

"నేను కట్టిన పళ్ళను తీస్త. డబ్బీల కాదు, మనుషుల మీద."

అభిజ్ఞ నవ్వింది గానీ అతను నిజంగానే అన్నాడు. కిషన్‌బాగ్‌లో పళ్ళ డాక్టరమ్మ తన దగ్గరికి వచ్చేవాళ్ళను అడిగి, సరేనన్నవాళ్ళ ఇళ్ళు చెప్పింది. ఆదివారం వస్తే వామన్‌రావు స్కూటర్ తీసేవాడు.

గాజులమ్మే ఖాజా భాయ్ ముందే చెప్పేశాడు. "నవ్వమని అడగకు భాయ్. హసీ వస్తే నవ్వుతా." అని వేయించిన శనగలు కటకటా నమిలాడు. నములుతుండగానే నవ్వొచ్చింది. గుడిలో పురాణం చెప్పే ఆదిశేషయ్య బొమ్మలా బిగుసుకుని కూర్చున్నాడు. ఒక శ్లోకం చదవమన్నాక, మధ్యలో ఈల రాకుండా 'శ' పలికిన ఆనందానికి ఆయన ముఖమే విచ్చుకుంది.

ఫోటోలు పోగయ్యాయి. "పుస్తకం చేద్దాం బాపు," అంది అభిజ్ఞ. ఇక జహనుమాలో ఉండే నాగమణమ్మ ఒక్కతే మిగిలింది.

తలుపు తీసిన ముసలమ్మ నోట్లో పళ్ళు లేవు. సంగతి విని, బీరువాలోంచి స్టీలు డబ్బా తెచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన పళ్ళు, పంపిన నాటి మెరుపు తగ్గకుండా ఉన్నాయి.

"పెట్టుకోవా అమ్మా?"

"ఒక్కపారి పెట్టుకున్న బిడ్డా. అద్దంల చూస్తే ఎవరో పెద్దింటామె కనబడ్డది. నాతోని మాట్లాడేటట్టు లేదు. తీసి దాచిన."

వామన్‌రావుకు నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది. ఒకసారి పెట్టి చూపించమన్నాడు. తెల్లగా, తీర్చినట్టున్న వరుస. ఆ వరుస కట్టినప్పుడు తను ఎంత మురిసిపోయాడో అతనికి గుర్తుంది. ఇప్పుడు ఆ పళ్ళే ముందుకొచ్చి, ముడతల మధ్య నవ్వే ఆ ముఖం ఎక్కడికో పోయింది.

"నీ సొంత పళ్ళు ఎట్లుండేటివమ్మా?"

"ముందటి పళ్ళ నడుమ సందుండేది. మా ఆయన ఆ సందులకెంచి ఈల కొట్టమనేటోడు. కొడితే ఇంట్లోళ్ళు తిట్టేటోళ్ళు."

అతను కెమెరా బయటికి తీయకుండానే లేచాడు. "ఫికర్ చెయ్యకమ్మా. మళ్ళ కడత."

డాక్టరమ్మ కొత్త అచ్చు తీసింది. వామన్‌రావు ఈసారి కాస్త పసుపు చాయ పళ్ళు ఎంచాడు. గట్టి సెట్టు చేసే ముందు సరిచూడడానికి, మైనంలో గుచ్చిన పళ్ళను తనే క్లినిక్‌కి పట్టుకెళ్ళాడు. నాగమణమ్మ అద్దంలో చూసుకుని, "సందు ఇంకింత పెద్దగుండె," అంది. వంకరగా కనబడుతుందేమోనని డాక్టరమ్మ సందేహించింది. "వంకరనే ఉండె బిడ్డా," అంది ముసలమ్మ. అతను అక్కడే కూర్చుని మైనం వేడి చేసి, పళ్ళను ఎడంగా జరిపాడు.

సెట్టు తయారయ్యాక ఆమె చాలాసేపు అద్దం వదల్లేదు. నాలుక కొనతో సందును తడిమింది. పెదాలు సున్నా చుట్టి ఊదింది. గాలి వచ్చింది గానీ ఈల రాలేదు. మళ్ళీ ఊది, తన అవస్థకు తానే పకపకా నవ్వింది. అప్పుడు కెమెరా నొక్కాడు వామన్‌రావు. ఫోటో కొద్దిగా చెదిరింది. ఇంటికొచ్చాక అది చూసి, ఇంకోటి తీద్దామని అభిజ్ఞ ఎంత చెప్పినా అతను వినలేదు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు మొదటి ప్రతిని నేరుగా జహనుమాకే తీసుకెళ్ళాడు. నాగమణమ్మ తన బొమ్మను ఓసారి చూసి, మిగతావాళ్ళను తీరిగ్గా తిరగేసింది. "ఈయన నవ్వినా కోపిష్టోడు లెక్కనే ఉన్నడు," అంది ఆదిశేషయ్యను చూసి. "ఈ శనగలాయన మంచోడు." చివరికి, పక్కింటోళ్ళకు చూపించి పొద్దున ఇస్తానంది.

పొద్దున వెళ్తే పుస్తకం ఆ ఇంట్లో లేదు. రెండు వీధులవతల ఎవరింట్లోనో ఉందట. వామన్‌రావు సంబరంగా ప్రెస్సుకు ఫోన్ చేసి, ఇంకొన్ని ప్రతులు వేయమన్నాడు.