కడుపుమంట పుట్టగొడుగు కోసం రామకుప్పం దాకా

బెంగళూరులో పరిశోధన చేస్తున్న నా స్నేహితుడు ఉత్తరం రాశాడు. ఎండిన మానుల మీద చెక్కలా గట్టిగా పెరిగే పుట్టగొడుగుల్లోని పదార్థాలు కడుపులో పుండ్లు చేసే బాక్టీరియాను చంపుతాయా, వాపును తగ్గిస్తాయా అని వాళ్ల ల్యాబులో చూస్తున్నారట. మీ వైపు అడవుల్లో దొరికితే పంపమన్నాడు. నేను మదనపల్లెలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. వానలు పడి వారమైంది. రెండు రోజులు సెలవు పెట్టి, కాగితపు కవర్లు, చిన్న కత్తి సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో బస్సెక్కితే ఎనిమిదికల్లా పుంగనూరు. అక్కడ ఇడ్లీలు తిని, అడవులు ఎక్కువని కుప్పం బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో టమోటా వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. నా పని విని నవ్వలేదు.

"మా అత్తగారి ఊరు రామకుప్పం పక్కనే సార్. ఆడ మునెప్ప అని ఉండాడు. అడివంతా తెలుసు. ఆయనింట్లో దాన్ని కషాయం కాసి తాగతారు," అన్నాడు. ఊరి పేరు నా నోటుబుక్కులో తనే రాసిచ్చాడు.

పలమనేరు దాటాక వాన మొదలైంది. మధ్యాహ్నం కుప్పంలో దిగి, రైల్వేస్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను.

మర్నాడు ఏడు గంటల బస్సుకు రామకుప్పం, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాను. మునెప్పకు అరవై ఉంటాయి. ఏనుగులు తొక్కిపోయిన రాగి చేను గట్టున నిలబడి ఉన్నాడు. అయినా నా మాట వినగానే కదిలాడు.

"ఏనుగులు కొండెక్కినాయి. బయం లేదు, రా సార్."

గంటన్నర తిరిగాం. మూడు మానుల మీద గోధుమరంగువీ ఎర్రవీ దొరికాయి. విడివిడిగా కవర్లలో పెట్టుకున్నాను.

తిరిగొచ్చాక ఆయన భార్య వెంకటమ్మ రాగిసంగటి, ఉలవచారు పెట్టింది. లేచినప్పుడల్లా గోడ పట్టుకుంటోంది. రెండు నెలలుగా కడుపులో మంటకు ఆ కషాయమే తాగుతోందట. నేను ఉత్సాహంగా నోటుబుక్కు తీశాను.

"తగ్గిందా అమ్మా?"

"మంట తగ్గినట్టే ఉండాదప్పా. కండ్లు తిరగతాండాయి. నాలుగు దినాలుగా దొడ్డికి తారు మాదిరి నల్లగా పోతాండాది."

రాయడం ఆపేశాను. కడుపులో పుండు నుంచి రక్తం కారితే అలా అవుతుందని చదివి ఉన్నాను. వెంటనే ఆసుపత్రికి పోవాలన్నాను.

మునెప్ప నా సంచి వైపు చూశాడు. "ఈపొద్దు కుప్పం ఆసుపత్రికి పోదామనే అనుకుంటిమి సార్. ఇంతలో నువ్వు వస్తివి. మంచి మందు కాకుంటే అంత దూరం నుంచి దీనికోసం యాల వస్తావు? ఇంగా నాలుగు దినాలు తాగనీ."

నోటుబుక్కు మూసి సంచిలో పెట్టేశాను.

"ఇది మందని తెలిసి రాలేదు మునెప్పన్నా. అవునో కాదో తెలీకే వచ్చాను. ల్యాబులో పుండు చేసే క్రిమి దీంతో చచ్చినా, మనిషి కడుపులో ఏమవుతుందో ఇంకా ఎవరూ చెప్పలేరు."

ఆయన తల ఊపలేదు. వెంకటమ్మే చెప్పులు వేసుకుంది. "మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉండండి. నాకు బయంగా ఉండాది, నేను పోతాండా."

ముగ్గురం ఆటోలో కుప్పం చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం ఎక్కించారు. నేను ఎస్టీడీ బూతు నుంచి కాలేజీకి ఫోన్ చేసి, మరో రోజు సెలవు అడిగి, లాడ్జికి వెళ్లాను.

మర్నాడు పొద్దున నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు ఉంది, బాక్టీరియా కూడా ఉంది. రెండు వారాల మాత్రలు రాశారు. వెంకటమ్మ ముఖం తేటపడింది.

"ఆ కషాయం ఇంగ తాగొచ్చునా అప్పా?"

"డాక్టరుకు చెప్పకుండా వద్దమ్మా. అది మంచిదో కాదో నాకూ తెలీదు."

మునెప్ప నాకు టీ గ్లాసు అందిస్తూ, "తెలీదనే మాట వచ్చీరాగానే చెప్పుంటే బాగుండు సార్," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నేను ఒప్పుకున్నాను.

ఒంటిగంటకు కుప్పంలో బస్సెక్కాను. పుంగనూరులో బస్సు మారి, చీకటి పడకముందే మదనపల్లె చేరాను. ఇలాంటి పనిమీద ఆ వైపు వెళ్లేవాళ్లకు దారి కష్టం కాదు. బస్సులున్నాయి, అడవి చూపించేవాళ్లున్నారు, ఇంట్లో ఉన్నది పెట్టి మరీ పంపుతారు. మనం చెప్పే మాట కన్నా, అంత దూరం నుంచి మనం రావడాన్నే వాళ్లు ఎక్కువ నమ్ముతారు. మూడు రోజుల్లో నాకు తెలిసివచ్చింది అదే.